తలకిందులు చేసిన దుర్బీను

నా చిన్నప్పుడు ఒక సాయంత్రం, బాన్సువాడ బజారులో చష్మాల దుకాణం చాచా మా తాతయ్య చేతిలోని బైనాక్యులర్‌ను తీసుకుని, తలకిందులు చేసి, తిరిగి ఆయన కళ్లకే ఆనించాడు. అప్పటిదాకా నలుగురికీ వినబడేలా తగవు పడుతున్న మనిషి ఒక్కసారిగా బల్ల మీద కూర్చుండిపోయాడు. నేను అబద్ధం చెప్పి అప్పటికి రెండు నిమిషాలు కూడా కాలేదు.

నస్రుల్లాబాద్ దిక్కున ఉన్న మా ఊరికి తాతయ్య నీరడి. కాలువ నీళ్లు ఏ మడికి ఎప్పుడు వదలాలో చూసే పని అది. చివరి మళ్లకు నీళ్లు అందాయా, మధ్యలో ఎవరైనా గట్టు తెంపుకున్నారా అన్నది కట్ట మీద నిలబడి కనిపెట్టాలి. వయసు మీద పడి అంత దూరం తిరగలేక, బైనాక్యులర్ కొందామనుకున్నాడు. ముసలాయనకు చూపు ఆనడం లేదు, నీరడిని మార్చాలని ఊళ్లో కొందరు అప్పటికే అనుకుంటున్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. ఆ పని పోతే ఆయన ఏమైపోతాడో అని మా ఇంట్లో అందరికీ భయంగా ఉండేది.

చాచా దగ్గర బొంబాయి నుంచి తెచ్చినవి మూడు రకాలుండేవి. చవకది చూడడానికి పెద్దగా, మెరుస్తూ ఉంది. ఖరీదైనది తోలు పెట్టెలో ఉంది. తాతయ్య మనసు తోలు పెట్టె మీదే ఉన్నా, చాచా మధ్యరకం దాన్ని చేతికిచ్చి, వస్తువును ఎలా పరీక్షించాలో నేర్పాడు. ముందు చేయి చాచి దూరంగా పట్టుకుని, కన్ను పెట్టే అద్దాల్లో కనబడే వెలుగు చుక్కలు చూడమన్నాడు. అవి నిండు గుండ్రంగా ఉండాలి, అంచులు కోసినట్టు ఉండకూడదు. తర్వాత ఎదుటి కరెంటు స్తంభాన్ని చూడమన్నాడు. దాని అంచున రంగుల గీత పడితే అద్దం నాసిరకమని అర్థం. చివరగా కాసేపు చూసి ఒక్కసారి దించమన్నాడు. అప్పుడు కళ్లు గుంజినట్టయితే రెండు గొట్టాలూ ఒకే చోటికి చూడటం లేదన్నమాట.

“ఖరీదుది మసక చీకట్ల జర ఎక్కువ చూపిస్తది. నీ పని పగటీలి గద. మెడకు బరువు తప్ప నీకేం ఫాయిదా లేదు,” అన్నాడు చాచా. తాతయ్య మధ్యరకమే కొన్నాడు.

నాలుగు రోజులకే ఎడమ గొట్టం మసకగా ఉందని గొణగడం మొదలుపెట్టాడు. కట్ట మీద ఆయన పక్కన కూర్చుని నేనూ దాంతో చూశాను. ఒక్కో కన్ను మూసి చూడటం నాకొక ఆట. రెండు గొట్టాల్లోనూ దూరపు మడిలోని కొంగ కాళ్లు కూడా తేటగా కనిపించాయి. కానీ ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఇక బజారులో ఆ సాయంత్రం.

“ఏం సాబ్, గిదేనా నీ బొంబాయి మాలు? ఎడమ దిక్కంతా మబ్బే,” అన్నాడు తాతయ్య.

అక్కడే చష్మా బాగు చేయించుకుంటున్న మా ఊరి రైతు ఒకాయన నవ్వాడు. “మబ్బు గొట్టంల ఉన్నదా, నీ కంట్ల ఉన్నదా, మంచిగ చూసుకో తాతా.”

“నా కన్ను సంగతి నీ మడి ఎండిననాడు తెలుస్తది తియ్,” అన్నాడు తాతయ్య.

చాచా నా వైపు తిరిగాడు. “నువ్వు చూసినవా బేటీ? నీకెట్ల కనబడ్డది?”

తాతయ్య కూడా నన్నే చూస్తున్నాడు. “మసకనే ఉంది చాచా,” అన్నాను.

చాచా తాతయ్య చేతిలోంచి బైనాక్యులర్‌ను తీసుకుని, పైవైపు కిందికి వచ్చేలా తలకిందులు చేసి, ఆయన కళ్లకే ఆనించాడు. అలా తిప్పితే ఎడమ గొట్టం కుడి కంటి ముందుకు వస్తుంది. మసక అద్దంలో ఉంటే అదీ కుడికి రావాలి. తాతయ్యకు మసక కుడికి రాలేదు. ఎడమ కంటి దగ్గరే ఉండిపోయింది.

చాచాకు తన దుకాణం పరువు కాపాడుకోవడానికి అప్పుడు మసక కంట్లోనే ఉందన్న ఒక్క మాట చాలు. ఆయన మాత్రం అందరికీ వినబడేలా, “సహీ మాట. లోపల తేమ వట్టింది. నాదే గల్తీ. రెండు దినాలుంచు, సాఫ్ జేసిస్త,” అన్నాడు. ఇక్కడ కొనేముందు చూసుకోవాలని తానెప్పుడో అన్నానంటూ ఆ రైతు వెళ్లిపోయాడు. జనం పలచబడ్డాక చాచా తాతయ్య పక్కన కూర్చుని, “కంట్ల పొర వచ్చినట్టుంది. దవాఖానల తీస్తరు. ఫికర్ చెయ్యకు,” అన్నాడు మెల్లగా.

తిరుగు బస్సులో తాతయ్య నా చేయి పట్టుకుని, “నీకు మంచిగనే కనబడ్డది గద బిడ్డా?” అని అడిగాడు. తల ఊపాను. ఆ ఎండాకాలం డోంగ్లిలో చుట్టాలింటికి పోతున్నానని ఊళ్లో చెప్పి కంటికి ఆపరేషన్ చేయించుకుని వచ్చాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు నీరడిగానే ఉన్నాడు.

నేను పెద్దదాన్నై పత్రికలో చేరాను. ఎవరి మీద ఎవరు ఫిర్యాదు తెచ్చినా మనసులో ఒకసారి దాన్ని తలకిందులు చేసి చూడటం అలవాటైంది. మసక వస్తువుతో పాటు పక్కకు జరుగుతుందా, చూసేవారి దగ్గరే ఉండిపోతుందా అని. ముందు నా కన్నుతోనే మొదలుపెట్టడం నేర్చుకున్నాను. ఆ పరీక్ష ఎన్ని తప్పుడు వార్తలను ఆపిందో లెక్క లేదు. ఆపలేకపోయిన వాటికి సవరణలు రాశాను.

ఆ మధ్యరకం బైనాక్యులర్ ఇప్పుడు నా దగ్గర ఉంది. దించినప్పుడు ఇప్పటికీ కళ్లు గుంజవు. కానీ ఆ సాయంత్రం తర్వాత చాచా దుకాణం అద్దాల పెట్టెలో నాకు మళ్లీ బైనాక్యులర్ కనిపించలేదు. తాతయ్య బజారులో ఎవరికైనా అసలు సంగతి చెప్పాడో లేదో తెలియదు. నేనైతే ఎన్నోసార్లు ఆ దుకాణం ముందు నుంచే నడిచి వెళ్లినా లోపలికి పోయి చెప్పలేదు. చాచా పోయాడు, అక్కడ ఇప్పుడు ఫోన్లు బాగు చేస్తున్నారు. ఆయన బైనాక్యులర్లు తేవడం మానేసింది నా మాట వల్లనేనా అన్నది నాకు ఈ రోజుకీ తెలియదు.