సోడియానికీ నీళ్ళకీ పడదు

మా కెమిస్ట్రీ మాస్టారు పోయారని మొన్న పొద్దున్న విజయనగరం నుంచి ఫోనొచ్చింది. హిందీ మాట్లాడే గనుల ఊరు బచేలిలో, ఆయన పనిచేసిన స్కూల్లోనే నేనిప్పుడు కెమిస్ట్రీ చెబుతున్నాను. ఫోను పెట్టేసి తిన్నగా ల్యాబుకే వెళ్ళాను.

ఆయన వచ్చేనాటికి సీసాలన్నీ ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉండేవట. నైట్రిక్ ఆసిడ్ పక్కనే నాఫ్తలీన్. "ఇదేటి, హాజరుపట్టీయా?" అని మొత్తం దింపించారు. ప్రమాదకరమైనవాటిని వేరుచేసి, నీళ్ళతో పడనివి ఒక అర, నిప్పుతో పడనివి ఇంకో అర, తమలో తమకు పడనివి ఎడమెడంగా సర్దారు. మనిషితోనే పడనివాటికి తాళం.

ల్యాబు అటెండెంటు భయ్యాకి తెలుగు రాదు. మాస్టారు సోడియం సీసా చూపించి, "ఇస్కా పానీ సే పడదు" అన్నారు, దీనికి నీళ్ళతో పడదని. మర్నాటికి ఆ బీరువాకి నీలం గుడ్డ వేలాడుతోంది. 'పడదు' భయ్యా చెవికి 'పర్దా' అయింది. మాస్టారు నవ్వి, ఆ గుడ్డని కిటికీకి మార్పించి, మాటకి అర్థం చెప్పారు. అది మొదలు ఆ ల్యాబులో గోండీ మాట్లాడే పిల్లలు కూడా 'పడదు' అనేవాళ్ళు. వానలో తడిసి వస్తే, తల తుడుచుకునేదాకా ఆయన మమ్మల్ని గడప దాటనిచ్చేవారు కాదు. చాదస్తం అనుకునేవాళ్ళం.

నేను పదకొండో క్లాసులో ఉన్నప్పుడు, జోరువానలో ప్రాక్టికల్. బల్లమీద గిన్నెలో, కిరోసిన్‌లోంచి అప్పుడే తీసిన సోడియం ముక్క. పైకప్పు కారి ఒక్క చుక్క దానిమీద పడింది. భగ్గున మంట లేచింది. బల్లకీ గోడకీ మధ్య నేను. కదిలితే ముఖానికి మంట తగిలేలా ఉంది. అరుపులు విని భయ్యా నిండు బకెట్టు ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆ నీళ్ళు పడితే గిన్నె పేలేది, నా కళ్ళముందే.

మాస్టారు పక్కనున్న స్పిరిట్ సీసాని లాగేస్తూ ఒక్క మాటే అన్నారు, "పడదు."

ఎత్తిన బకెట్టు అలాగే ఆగింది. భయ్యా వెనక్కి నడిచి దాన్ని గడప బయట పెట్టాడు. మాస్టారు పొడి ఇసుక కుమ్మరించారు. మంట ఆరాక స్టూలు మీద కూలబడ్డారు.

"వాటికేటి తెలుస్తాదమ్మా, మనమే ఎడంగా ఉంచాల," అన్నారు.

ఈ ముఖం, ఈ కళ్ళు ఆ మాట పుణ్యమే. ఆయనకి ఆ సంగతి నోరారా చెప్పనే లేదు.

మొన్న ఆ బీరువా ముందు నిలబడి ఏడుస్తుంటే భయ్యా గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. అతని జుట్టంతా నెరిసింది. గడప దగ్గరే ఆగి, గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"బాహర్ ఆకే పీజియే, మేడమ్," అన్నాడు, బయటికొచ్చి తాగమని. "అందర్ పడదు."