సాంచెలు ఆగిన సాయంత్రం

మా ఇంట్లో గుసగుస అనేది లేదు. ఉప్పు అడగాలన్నా అరవాల్సిందే. మా గోడకు ఆనుకునే కార్ఖానా, అందులో చద్దర్లు నేసే మరమగ్గాలు. వాటిని మేం సాంచెలు అనేవాళ్లం. తెల్లారకముందే మొదలై చీకటి పడ్డాక కూడా దడదడలాడుతూనే ఉండేవి. గూట్లో గిన్నెలు వణికేవి. మాది మరాఠీ ఊళ్లో తెలుగు నేతగాళ్ల వాడ. అశోక్ చౌక్ దాటి మా వాడలోకి కొత్త చుట్టం ఎవరైనా వస్తే, "ఏంది, మీరంత గిట్ల కొట్లాడుకుంటుండ్రు" అని బెదిరిపోయేవాళ్లు. కొట్లాట కాదు, అన్నం తింటున్నాం అని చెప్పడానికి కూడా అరవాల్సి వచ్చేది. ఇప్పటికీ నేను ఫోన్ చేస్తే అవతలివాళ్లు దాన్ని చెవికి దూరంగా పట్టుకుంటారు. పట్టుకోనీ, నా గొంతు నాది.

మా బాపు ఆ కార్ఖానాలోనే సాంచె నడిపేవాడు. పెళ్లికి ముందు నుంచీ ఆ చప్పుడులో నిలబడి నిలబడి ఆయన చెవులు సగానికి పైగా పోయాయి. మామూలు గొంతు అసలు అందదు. "చెవిటోని ముందల శంఖమూదినట్టె" అని వాడలో ఆయన్ని చూసి నవ్వే ఆడవాళ్లుండేవారు. వాళ్లను చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. కార్ఖానాలో ఆయనకు చెవులతో పనే లేదు. అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకునేవారు. పిడికిలి బిగిస్తే సాంచె ఆపమని. చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పితే నడవనీ అని. అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా ఆ సైగలు చూసి నేర్చుకుని, ఇంటికొచ్చి తమ్ముడి మీద పెత్తనం చేసేదాన్ని.

చిక్కంతా ఎక్కడంటే, బాపుకు వినబడేలా చెప్పిన మాట వాడంతటికీ వినబడుతుంది. ఆయనొక్కడికే చెప్పుకునే మాట అనేది మా ఇంట్లో ఉండే వీల్లేదు. ఆయన్ని బతిమాలాలన్నా, ఆయన మీద అలగాలన్నా నలుగురి ముందే. అందుకని చాలా మాటలు ఆయనతో అనకుండానే పెరిగాను.

ఎనభైల చివర్లో, నేను ఏడో తరగతి పరీక్షలు రాసిన వేసవి. అవ్వ, అంటే మా అమ్మ, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా ఒక మాట అంది.

"బడి తెర్సినంక నువ్వు పోవుడు లేదు. నా పక్కన కూసో. చెయ్యి మెత్తగున్నప్పుడె నేర్సుకోవాలె."

"నేను పోతనే."

"మీ బాపునడుగు. ఆయన ఊ అంటె పో."

నేను అడగలేనని అవ్వకు బాగా తెలుసు. వాడంతా వినేలా "బాపూ, నన్ను బడి మాన్పియ్యకు" అని ఎట్లా అరుస్తాను? పక్కింటి పిల్ల నా ఈడుదే, అప్పటికే చాట ముందు కూర్చుంది. వాళ్లమ్మ వినదా? విని, "మా పిల్లకు లేని బడి నీకెందుకే కలెక్టరమ్మా" అని ఏడాది పొడుగునా ఆడిపోసుకోదా? ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఆ వేసవంతా నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. రాత్రి పక్క మీద కూడా కాళ్లు ఆడిస్తూనే ఉన్నానని తమ్ముడు తన్నేవాడు.

అప్పుడొచ్చింది తాయి. తాయి అంటే మరాఠీలో అక్క. ఊళ్లో నాటకాలాడే హాలు వాళ్లు సెలవుల్లో వాడల పిల్లలకు నాటకం నేర్పుతామని ఆమెను పంపారు. భుజాన గుడ్డసంచి, చేతికి గడియారం, ఒక్క చోట నిలవని మనిషి. నాకు చూడగానే నచ్చింది. రోజూ పొద్దున సిటీ బస్సు దిగి, కొంతం చౌక్ నుంచి నడిచి వచ్చేది. సాంచెల చప్పుడు అంతగా అందని మా బడి వరండాలో మమ్మల్ని పోగేసేది.

మొదటిరోజు ఒక్కొక్కరం పేరు చెప్పమంది. చెప్పాం. రెండు చేతులతో చెవులు మూసుకుని పకపకా నవ్వింది. "హళూ, హళూ" అంది, అంటే మెల్లగా అని. పక్కవాళ్ల చెవిలో ఒక మాట ఊది వరస చివరిదాకా పంపించమంది. మా వల్ల కాలేదు. ఊదుదామని నోరు తెరిస్తే మొదటి మాటకే వరండా అంతా విన్నది. కళ్లు మూసుకుని ఏం వినబడుతోందో చెప్పమంది. ఒకడు కాకి అన్నాడు. ఒకడు సైకిల్ అన్నాడు. నా పక్కనే ఉన్న ఆమె చేతి గడియారం టిక్కు టిక్కుమంది. గడియారానికి చప్పుడుంటుందని నాకు అప్పుడే తెలిసింది. అంత చిన్న చప్పుడు వినగలిగే చెవులు నాకున్నాయని గర్వపడ్డాను, వెంటనే బాపు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

తర్వాత మమ్మల్ని సాంచెగా మారమంది. ఎదురెదురుగా రెండు వరసలుగా నిలబడి, చేతులు చాచి, ముందుకీ వెనక్కీ ఊగాలి. మధ్యలో ఒక పిల్ల, నూలు పట్టుకుని తిరిగే నాడె లాగా ఇటునుంచి అటు పరుగెత్తాలి. మా అయ్యలు రోజంతా చేసే పని ఆటయిపోయేసరికి ఎక్కడలేని హుషారు వచ్చింది. అదే నాటకం అయింది. మా వాడలో ఒక రోజు, అంతే కథ. చివర్లో సాంచె ఆగిపోతుంది, ఒక్కొక్కరు ముందుకొచ్చి ఇంట్లో అందామనుకుని అనని మాట ఒకటి చెప్పాలి. మీ ఇంటి భాషలోనే చెప్పండి, మెల్లగా చెప్పండి, మెల్లగా చెబితేనే జనం చెవి ఒగ్గుతారు అంది తాయి.

ఒకడు కొత్త చెప్పులు కావాలన్నాడు. ఒక పిల్ల, "తాతా, తాగకు" అంది. నా వంతు వచ్చింది. నేల చూస్తూ అన్నాను.

"బాపూ, నేను బడి మాన."

ఈ మాట అందరికంటే ఆఖర్న రావాలంది తాయి. ఆ రోజు ఇంటికి పరుగెత్తుకుంటూ పోయాను, సంతోషమో భయమో తెలియలేదు. మరునాడు మళ్లీ ఆ తిరుగుడే మొదలైంది. మెల్లగా చెబితే బాపుకు వినబడదు. గట్టిగా చెబితే తాయి ఒప్పుకోదు, వాడ ఊరుకోదు. ఇక ఉండబట్టలేక తాయినే పట్టుకుని, మా బాపుకు వినరాదు అని వచ్చీరాని మరాఠీలో చెప్పాను. సాంచెలన్నీ ఆపిస్తాం కదా, అంత నిశ్శబ్దంలో వినబడుతుందిలే, ముందు వరసలో కూర్చోబెడదాం అంది. నాకు నమ్మకం కుదరలేదు. కానీ నాకు వేరే దారీ లేదు.

సాంచెలకు వారానికో రోజు సుట్టీ ఉండేది. నాటకం ఆ రోజున పెట్టుకుంటే సరిపోయేది, కానీ ఆ పూట తాయి వాళ్ల హాల్లో వాళ్ల నాటకం ఉంది. హాలుకు రమ్మంటే మా వాళ్లు రారు, అందుకని మీ వాకిట్లోకే మేం వస్తాం అంది తాయి. మా కార్ఖానా షేట్‌ను, అటు ఇటు ఉన్న ఇద్దరు షేట్‌లను పోయి అడిగింది. మామూలు పని రోజున, నాటకం అయ్యేదాకా సాంచెలు ఆపడానికి వాళ్లు ఒప్పుకున్నారు. దీన్ని మా గల్లీలో వింతగా చెప్పుకున్నారు.

ఆ సాయంత్రం కార్ఖానా ముందు వాకిట్లో పాత చద్దర్లు పరిచారు. ఆడవాళ్లు చాటలతో సహా వచ్చి కూర్చున్నారు. నాటకం చూడ్డానికి కళ్లు చాలవా, చేతులెందుకు ఖాళీగా ఉండాలి? అవ్వ కూడా వాళ్లలోనే. బాపు వెంట్రుకల్లో దూది నూగుతోనే వచ్చి అందరికంటే ముందు చతికిలబడ్డాడు. మేం సాంచె లాగా రెండు వరసలు కట్టాం. తాయి చేయి ఊపింది. సాంచెలు ఒకటొకటిగా ఆగిపోయాయి.

అంత నిశ్శబ్దం పని రోజున నేనెప్పుడూ వినలేదు. బీడీ ఆకు మడతపడే చప్పుడు వినబడింది. ఇంతలో ఏదో ఇంట్లో పసిపిల్ల కేరుమంది. దాని వెనక ఇంకొకటి. అంతలోనే వాడలోని ఉయ్యాలలన్నీ లేచాయి. పుట్టినప్పటి నుంచి ఆ దడదడలోనే నిద్రపోయే పిల్లలాయె, అది ఆగితే ఉలిక్కిపడరా? తల్లులు చాటలు పక్కన పెట్టి పరుగెత్తారు. పక్కింటి ముసలమ్మ గడప పట్టుకుని బయటికొచ్చి అడిగింది.

"ఎవలు పోయిండ్రే?"

పని రోజున సాంచెలు ఆగాయంటే మాకు రెండే అర్థాలు. ఎవరో చచ్చిపోవాలి, లేదా సంప్ కావాలి. సంప్ అంటే సమ్మె. పక్క గల్లీ మగవాళ్లు లుంగీలు ఎగగట్టుకుని వచ్చేశారు. "సంప్ అయ్యిందా? మాకెవ్వలు చెప్పలేదేంది?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. కనుక్కుందామని కొందరు చౌక్ వైపు నడిచారు. చూస్తుండగానే పరిచిన చద్దర్లు ఖాళీ అవుతున్నాయి. తాయి ఆ మెత్తని గొంతుతోనే కూర్చోండి, కూర్చోండి అంటోంది. ఎవరికి వినబడుతుంది? మేం చేతులు చాచి అట్లాగే నిలబడి ఉన్నాం.

బాపుకు ఈ గోల సరిగా వినబడలేదు. ఆయనకు తెలిసింది వేరే. అరచేయి నేల మీద పెట్టి చూశాడు. నేల అదరడం లేదు. అటూ ఇటూ చూసి, కుదురుగా కూర్చోలేక, లేచి కార్ఖానాలోకి వెళ్లిపోయాడు. నా మాట వినకుండానే పోతున్నాడని ఏడుపొచ్చింది, ఆ సాంచెల మీదా తాయి మీదా కోపమూ వచ్చింది.

అప్పుడు లోపల ఒక్క సాంచె మోగింది. బాపు తన సాంచెను నడిపించి, దాన్ని జతగాడికి అప్పజెప్పి, వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఏడుపులు ఒకటొకటిగా సద్దుమణిగాయి. "ఏం గాలే, ఏం గాలే" అనుకుంటూ జనం వెనక్కొచ్చి కూర్చున్నారు. ముసలమ్మ మాత్రం ఎవరో పోయే ఉంటారని గొణుగుతూ లోపలికి వెళ్లింది. తాయి నుదురు పట్టుకుంది, తర్వాత నవ్వేసింది. మా వైపు తిరిగి, మేం ఎప్పుడూ వినని గొంతుతో అరిచింది. "జోరాత్ బోలా!" గట్టిగా మాట్లాడండి అని.

ఇంకేం కావాలి మాకు? నెల రోజులుగా అణచిపెట్టిన గొంతులు ఒక్కసారి విప్పాం. చెప్పుల పిల్లాడు చెప్పులు అడిగితే చౌక్ దాకా వినబడి ఉంటుంది. తాత తాగొద్దన్న పిల్లకు ఆడవాళ్లు శభాష్ అన్నారు. ఆఖర్న నేను ముందుకొచ్చాను. తలుపు దగ్గర బాపు నా వైపే చూస్తున్నాడు.

"బాపూ, నేను బడి మాన."

ఆయన చెవికి చేయి ఆనించాడు. "ఏందే? ఇంకోపారి చెప్పు."

అందరూ నవ్వారు. ఆయనకు తప్ప అందరికీ వినబడింది. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను గానీ నాకు వచ్చింది సిగ్గు కాదు, కోపం. వాడంతా విన్నాక ఇంకా దాచేదేముంది? కడుపులోంచి అరిచాను.

"నేను బడికి పోత బాపూ. బీడీలు జెయ్య. నువ్వు ఊ అను."

నవ్వు ఆగిపోయింది. ఆడవాళ్ల చేతుల్లో ఆకు కూడా ఆగింది. బాపు చెవి మీది చేయి దించాడు. చూపుడువేలు పైకెత్తి గాలిలో గుండ్రంగా తిప్పాడు. తర్వాత లోపలికి వెళ్లిపోయాడు.

ఆయన ఏమన్నాడు అని తాయి నా భుజం పట్టుకుని అడిగింది. నడవనీ అన్నాడు అని చెప్పాను. నాకు ఏడుపు ఆగలేదు.

ఇంటికెళ్లాక అవ్వ నా ఆశ మీద నీళ్లు చల్లేసింది. "అది నీకు గాదు. లోపలున్న జతగాడు సాంచె ఆపాల్నా అని పిడికిలి సూపెట్టిండు. నడవనీ అని వానికి చెప్పిండు మీ బాపు."

అయి ఉండొచ్చు. జతగాడు లోపల ఉన్నమాట నిజమే. మళ్లీ అడుగుదామంటే, వాకిట్లో వచ్చిన ఆ గొంతు ఇంట్లో రాలేదు. బాపు తనంతట తాను ఏమీ అనలేదు. తాయి వేరే వాడకు వెళ్లిపోయింది. మిగిలిన సెలవులన్నీ ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే గడిపాను. బాపు తింటుంటే ఆయన చేతి వేళ్లనే చూసేదాన్ని.

బడి తెరిచిన రోజు సాంచెలకు సుట్టీ. వాడ అంతటా ఒక్క సాంచె కూడా మోగడం లేదు. నేను జడ వేసుకుని, సంచి భుజానికి తగిలించుకున్నాను. అవ్వ నా కాళ్ల ముందు చాట పెట్టింది. కొత్త చాట, నా కోసమే కొన్నది.

బాపు గడప మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. నోటి నిండా పళ్లపొడి. చాటను చూశాడు, నన్ను చూశాడు, అవ్వను చూశాడు. నోరు తెరిచే వీల్లేక చూపుడువేలు ఎత్తి గాలిలో గుండ్రంగా తిప్పాడు.

అవ్వ చాట తన వైపు లాక్కుంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడ్డాను.