పొద్దున పరుగు, సాయంత్రం జ్వరం

ఆ సాయంత్రం ఏడో తరగతి పిల్లల నోట్‌బుక్కులు దిద్దుతున్నాను. ఉన్నట్టుండి వేళ్లు వణకడం మొదలైంది. పది నిమిషాల్లో పళ్లు టకటకా కొట్టుకున్నాయి. దసరా వెళ్లి నాలుగు రోజులే అయింది, ఇంకా చలి కూడా మొదలవ్వలేదు. రెండు దుప్పట్లు కప్పుకుని పడుకున్నా వణుకు ఆగలేదు. జ్వరం, పొడి దగ్గు, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. తెల్లారేసరికి ఏమీ లేదు. నాకేం రోగం అనుకుని ఎప్పటిలాగే పరుగుకు వెళ్లాను.

అప్పుడు నాకు ముప్పై మూడేళ్లు. బోధన్ దగ్గరి పల్లెలో మా ఇల్లు, బోధన్‌లో లెక్కల టీచర్ ఉద్యోగం. డిసెంబర్‌లో పోచంపాడ్ దగ్గర ట్రయథ్లాన్ పెడుతున్నారని విని పేరిచ్చాను. ఈత, సైకిల్, పరుగు, మూడూ ఆగకుండా చెయ్యాలి. ఈత మా బావిలో చిన్నప్పుడే నేర్చాను. సైకిల్ మీద నిజామాబాద్ వెళ్లి రావడం నాకు లెక్క కాదు. పరుగు దగ్గరే తంటా. చేను చుట్టూ బాటంతా మొరం, గట్టి ఎర్ర గులక; మోకాళ్లు పట్టేసేవి.

అది చూసి బాపు, అంటే మా నాన్న, ఊరుకోలేదు. మా బెల్లం పొయ్యి పక్కన కిందటేడాది మిగిలిన చెరుకు పిప్పి గుట్టగా ఉండేది. వానలకు తడిసి, ఆరి, లోపలంతా తెల్లగా బూజు పట్టింది. దసరా ముందే బాపు దాన్ని పారతో తవ్వి, తట్టలతో మోసి, బాట పొడుగునా పరిచాడు.

"ఇగ ఉరుకు బిడ్డా, పరుపు మీద ఉరికినట్టే ఉంటది" అన్నాడు.

నిజంగా అలాగే ఉండేది. అడుగు వేసినప్పుడల్లా సన్నటి దుమ్ము లేచేది. నేను నోరు తెరిచి పీల్చుకుంటూ పరుగెత్తేవాణ్ని.

జ్వరం వారంలో నాలుగైదు సాయంత్రాలు రాసాగింది. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక డాక్టర్‌కు చూపించాను. మలేరియా నెగటివ్. ఎక్స్‌రే చూసి, "రెండు వైపులా కొంచెం మసక ఉంది, న్యుమోనియా కావచ్చు. బీడీ తాగుతారా?" అన్నారు.

"లేదు సార్. మందు కూడా తాగను. రోజూ ఎక్సర్‌సైజ్ చేస్తాను."

"వెరీ గుడ్" అన్నారు. నేను కూడా గొప్పగానే ఫీలయ్యాను.

యాంటీబయాటిక్స్ వాడుతూ దీపావళికి భీమ్‌గల్‌లో అక్క ఇంటికి వెళ్లాను. అక్కడున్న ఐదు రోజులూ జ్వరం లేదు. మందు పనిచేసిందని సంబరపడి ఇంటికొచ్చి మళ్లీ పరుగెత్తాను. ఆ సాయంత్రమే వణుకు.

"బావిల పడి పడి సర్ది పట్టింది నీకు. గీ పోటీ మనకు అన్నం బెడ్తదా?" అని నా భార్య సుజాత కోప్పడింది. నేను మొండివాణ్ని. ఆ తర్వాత జ్వరం వస్తే ఆమెకు చెప్పడం మానేశాను.

పోటీ నాడు పోచంపాడ్ రిజర్వాయర్ మీద గాలి ఈల వేస్తోంది. నీళ్లు ఒడ్డును కొడుతున్నాయి. "చలి మస్తుంది, వద్దనుకునేటోళ్లు ఇప్పుడే చెప్పుండ్రి" అని నిర్వాహకుడు మైకులో అరిచాడు. నేను కదల్లేదు. నీళ్లలో దిగిన కాసేపటికే ఊపిరి సగమే అందసాగింది. ఎలాగో ఒడ్డెక్కి సైకిల్ ఎక్కాను. అంతా ఎదురు గాలి. అంత గాలి మొహాన్ని కొడుతుంటే లోపలికి ఒక్క గుక్క వెళ్లడం లేదు. పరుగు మొదలుపెట్టాల్సిన చోట కూలబడ్డాను. బాపు గొంగడి పట్టుకుని ఉరికి వచ్చాడు. నా పెదాలు నీలంగా ఉండటం చూసి, గొంగడి నాకు చుట్టి బండి కోసం అరిచాడు.

నిజామాబాద్ ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. కళ్లె పరీక్ష నెగటివే అయినా, అనుమానంతో టీబీ మందులు మొదలుపెట్టారు. రెండు నెలలు మంచం దిగలేదు. మెల్లగా తేరుకున్నాను. అందరూ మందుల గుణమన్నారు, నేనూ నమ్మాను. ఒక పొద్దున బాపు పరిచిన బాట మీద కాసేపు వడివడిగా నడిచాను. సాయంత్రం అదే వేళకు అదే వణుకు. నేను ఇక బతకనని మొదటిసారి భయం వేసింది.

హైదరాబాద్‌లో ఛాతీ డాక్టర్ సీటీ స్కాన్, ఊపిరితిత్తుల పనితీరు చూసే పీఎఫ్‌టీ చేయించారు. జ్వరం ఏ వేళకు వస్తుంది, ఆ పొద్దున ఏం చేశారు అని గుచ్చి గుచ్చి అడిగారు. బాట సంగతి చెప్పగానే పెన్ను కింద పెట్టారు.

"టీబీ కాదు. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. బూజు పట్టిన పిప్పి దుమ్ము పడక ఊపిరితిత్తులు వాచాయి. స్టెరాయిడ్స్ ఇస్తాను. కానీ ఆ దుమ్ము మళ్లీ తగలకూడదు, అదే అసలు మందు."

ఇంటికొచ్చేసరికి బాపు గడపలోనే ఉన్నాడు. "ఏమన్నడు బిడ్డా డాక్టరు?"

నా కోసం తట్టలు మోసిన మనిషికి ఎలా చెప్పను? "సల్ల నీళ్లల్ల ఈదితే నిమ్ము పట్టిందన్నడు బాపు" అన్నాను. సుజాతకు మాత్రం నిజం చెప్పి, ఎవరితో అనొద్దన్నాను. బడికి దగ్గరని సాకు చెప్పి నేనూ సుజాతా బోధన్‌లో కిరాయి ఇంటికి మారాం. ఆరు నెలల్లో నేను కోలుకున్నాను. ఆ దుమ్ము నాకొక్కడికే పడదనుకున్నాను. బాపు ఏటేటా వానల తర్వాత పాత పిప్పిని తిరగేస్తూ, ఆరబెట్టి పొయ్యిలో వేస్తూనే ఉన్నాడు.

మూడేళ్ల తర్వాత ఒక సాయంత్రం పల్లెకు వెళ్తే బాపు అరుగు మీద గొంగడి కప్పుకుని వణుకుతున్నాడు.

"ఎన్ని దినాల సంది బాపు?"

"రెండేండ్ల సంది వస్తది, పోతది. నాకేమైతది? నీ తీరు నీళ్లల్ల దుంకిన్నా?"

హైదరాబాద్‌లో అదే డాక్టర్ మా ఇద్దరి స్కాన్‌లూ లైటు మీద పక్కపక్కన పెట్టారు. "మీది వాపు, తగ్గింది. మీ నాన్నగారి ఊపిరితిత్తుల్లో మచ్చ పడింది. మచ్చ పోదు" అన్నారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో బాపుకు అంతా చెప్పేశాను. ఆయన నా వైపు తిరిగి అన్నాడు: "గీ ముచ్చట అప్పుడే జెప్తే పిప్పి ముట్టకపోయేటోణ్ని గదరా."

ఇప్పుడు నేను రోజూ నడుస్తాను, ఏడాదికోసారి పీఎఫ్‌టీ చేయించుకుంటాను. బాపు మంచం నుంచి వాకిట్లోకి రావడానికి రెండుసార్లు ఆగుతాడు. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉంది.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. రోగం ఎందుకొచ్చిందో డాక్టర్ చెప్పిన రోజే ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి చెప్పండి. అందులో ఎవరి చెయ్యి ఉన్నా సరే, వాళ్ల ఎదుటే చెప్పండి. నిజం తెలిస్తే బాపు నాలుగు రోజులు నొచ్చుకునేవాడు. అంతే.