చిన్నాయన కొట్టిన బంతి

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో మదనపల్లెలో మా బాల్ బ్యాడ్మింటన్ జట్టుకు ఆట నేర్పినవాడు మా చిన్నాయన. పుంగనూరు చుట్టుపక్కల ఆయన ఆట చూడనివాళ్లు తక్కువ. ఉన్ని బంతి ఆయన బ్యాటుకు తగిలిందంటే ఎదుటి ఐదుగురిలో ఎవరూ లేని చోటే పడేది. మా భూములు పోయాయి, గుర్రాల కొట్టం కూలింది, ఆయన పేరు మాత్రం మిగిలింది. ఆ పేరు చూసే జట్టువాళ్లు పిలిచారు. జీతమంటే రాడని తెలిసి, "మీరొచ్చి నిలబడితే సాలు దొరా" అన్నారు.

నిలబడడం ఆయనకు బాగా వచ్చు. నేర్పడమే రాలేదు.

జట్టులో వెనక వరసలో ఆడే కాంపౌండరు, మిషన్ ఆసుపత్రిలో మందులు కలిపేవాడు, ఒక సాయంత్రం అడిగాడు.

"దొరా, ఎదురుగాలిలో బంతి యాడ పడేది ముందే ఎట్ల తెలుస్తాది?"

"సూస్తే తెలుస్తాది."

"సూస్తానే ఉండాను దొరా."

"సరిగ్గా సూడు" అని చిన్నాయన వాడి బ్యాటు లాక్కుని, తానే నాలుగు బంతులు కొట్టి తిరిగిచ్చాడు. "అంతే. దీంట్లో ఏముండాది?"

కాంపౌండరు నా వైపు తిరిగి, "వంట నేర్పమంటే తనే వండుకోని తినేసి పోయినట్టుండాదప్పా మీ చిన్నాయన పని" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఇంటి మనిషిని చూసి నలుగురు నవ్వడం నేను అంతవరకు ఎరగను. చెవులు కాలిపోయాయి.

కుప్పంలో పోటీ వచ్చింది. రైల్వే జట్టుకు మనిషి కావాలనీ, ఆ రోజు బాగా ఆడినవాడికి స్టేషన్‌లో ఉద్యోగం ఇప్పిస్తాననీ అక్కడి అధికారి ఒకాయన కబురు పంపాడు. మా వంశంలో ఎవరూ ఒకరి కింద పనిచేయలేదు. కానీ చిరుగు లేని చీర లేక మా అమ్మ ఆ ఏడు గడప దాటడం మానేసింది. ఆ ఉద్యోగం నాకు కావాలి. ఆ సంగతి చిన్నాయనకు చెప్పడానికి మనసు ఒప్పలేదు.

చివరి ఆటలో సర్వీసు మాది. ఇంకొక్క పాయింటు వస్తే గెలుపు. అధికారి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఎదుటివాళ్లు ఎత్తుగా లేపిన బంతి గాలికి వంగి, పక్కగీత దగ్గర నా మీదికే దిగుతోంది. వెనక్కి జరిగి చేయి ఎత్తాను. అందుతుందని నాకు తెలుసు.

అంతలో గీత బయటినుంచి తెల్ల తలపాగా ఒకటి అడ్డం వచ్చింది. పంచె ఎగ్గట్టి, ఎవరిదో బ్యాటు పట్టుకుని చిన్నాయన. మోచేయి ఇట్టే తిప్పాడు. బంతి వలను రాసుకున్నట్టు దాటి, అవతల ఎవరూ కదలకముందే నేల మీద పడింది.

జనం లేచి చప్పట్లు కొట్టారు. అంత అందమైన దెబ్బ. బ్యాటు చంకలో పెట్టుకుని నేనూ కొట్టాను.

ఆటలో లేని మనిషి కొట్టాడని అంపైరు బంతి వాళ్లకిచ్చాడు. చిన్నాయనకు అర్థం కాలేదు. "యాలప్పా? బంతి మా పక్క నేలకు తాకలేదు గదా!" అని వాదించాడు. మా పెరట్లో ఆడేటప్పుడు ఎదుటివైపు ఉండేది మా గుమాస్తాలు, కౌలుదార్లు. ఇంటి పెద్దలెవరు దారిన పోతూ కొట్టినా అది మా పాయింటే. బయటి పోటీల్లో ఆయన ఎప్పుడూ గీత లోపలే ఉన్నాడు. గీత బయట నిలబడి ఇంకొకరి ఆట చూడవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు.

ఆ తరువాత పాయింట్లన్నీ వాళ్లకే పోయి మేం ఓడిపోయాం. అధికారి వచ్చి చిన్నాయన చేయి ఊపి, "ఏం దెబ్బ కొట్టినారు దొరా!" అన్నాడు. బాగా ఆడాడని ఉద్యోగం కాంపౌండరుకు ఖాయం చేశాడు.

"సార్, ఆ బంతి ఈయప్పది. ఇంకోసారి ఆడించి సూడండి" అన్నాడు కాంపౌండరు.

"అవసరం లేదు" అన్నాను నేను, ఎవరో నన్ను తిట్టినట్టు. అధికారి తలూపి వెళ్లిపోయాడు.

తిరుగు ప్రయాణంలో పలమనేరు దాటాక, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు ఎత్తు ఎక్కలేక ఆగింది. అందరూ దిగి తోస్తున్నారు. మేమిద్దరమే లోపల కూర్చున్నాం.

"ఎట్లుండాది నా దెబ్బ?" అన్నాడు చిన్నాయన, ఇంకా ఆ సంతోషంలోనే ఉన్నట్టు.

"బాగుండాది. ఎట్ల కొట్టినావో సెప్పు, నేర్సుకుంటాను" అన్నాను. నేర్చుకోవాలని కాదు, గుచ్చాలనే అడిగాను.

ఆయన కుడిచేయి చాచి చూసుకున్నాడు. గాలిలో మోచేయి తిప్పాడు. ఆగి, మెల్లగా మళ్లీ తిప్పాడు.

"తెలీదు నాయనా" అన్నాడు. చేయి దించి, "ఆ ఉద్యోగం నీకు కావాల్సిందని కాంపౌండరు ఇందాక దిగతా సెప్పినాడు. నువ్వు ముందే సెప్పింటే నేను కుప్పానికే వచ్చిండను గదరా" అన్నాడు.

ఆయన తలపాగా తీసి సీటు మీద పెట్టి, "రా, మనమూ ఒక చెయ్యి ఏస్తాం" అని దిగాడు. కిటికీలోంచి చూశాను. కాంపౌండరు పక్కకు జరిగి చోటిస్తే, మా చిన్నాయన బస్సుకు భుజం ఆనించాడు.

నేను దిగలేదు. వాళ్లు తోస్తుంటే బస్సు నన్ను మోసుకుని కదిలింది.