ల్యాప్‌టాప్‌లో ఏ లోపమూ లేదట

మా ఆయన పోచంపల్లి చీరలకు ల్యాప్‌టాప్‌లో డిజైన్లు గీస్తారు. రెండు నెలలుగా "సేవ్ చేసినయి తెల్లారేసరికి మాయమైతున్నయ్, దీని హార్డ్ డిస్క్ ఖరాబైంది" అని ఒకటే పరేషాన్. ఇవాళ మధ్యాహ్నం ఇద్దరం ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రిపేరు షాపుకు వెళ్లాం.

షాపాయన రెండు గంటలు కూర్చోబెట్టి హార్డ్ డిస్క్, ర్యామ్ రెండూ పరీక్ష చేశాడు. ఏదో ఒకటి చెడిపోయిందని చెప్పాలని నేను మనసులో మొక్కుకుంటూ కూర్చున్నాను.

"రెండూ మంచిగున్నయ్ అక్కా. ఫైళ్లు గూడ ఏం పోలే, జర చూడుర్రి" అని స్క్రీన్ మా వైపు తిప్పాడు. తొమ్మిది పేర్లతో తొమ్మిది ఫైళ్లు. తొమ్మిదింటిలోనూ అదే చిలుకల అంచు. ఒక్కొక్కటీ ఒక్కో రోజు మళ్లీ మొదటి నుంచి గీసింది.

మా ఆయన చాలాసేపు చూశారు. "గివి నేను గీసినయి గావు. ఎవరు గీసిన్రో గని, మంచి పనిమంతుడే" అన్నారు.

షాపాయన నా మొహం చూసి తల దించుకున్నాడు.

రేపటికి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఈయనేమో ఇంకో షాపులో చూపిద్దామంటున్నారు. సరేనన్నాను. ల్యాప్‌టాప్ బాగుందని చెబితే ఏడ్చిన మనిషిని నేనొక్కదాన్నేనేమో. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగిందా? ఆ మనిషితో మొదటి మాట ఎలా చెప్పారు?