పెదవుల మీద వేలు

మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే నేనే తీశాను. పాప పుట్టి ఆరో రోజు. మడమ రక్తం పరీక్షలో థైరాయిడ్ హార్మోన్ లేదని తేలిందట, ఈరోజే మాత్ర మొదలుపెట్టాలట. పుదుచ్చేరిలో ఆ ఆసుపత్రి మా వీధి చివరే.

పాప నాయనమ్మ, మా పెద్ద తోడికోడలు, పెదవుల మీద వేలు పెట్టింది.

"మెల్లగా చెల్లీ, నిద్రపోతా ఉంది. ఏడ్పే తెలీని బంగారు బిడ్డ. నలభై దినాలు కాకుండా గడప దాటేదేంది? పచ్చిబిడ్డకు మాత్రేంది?"

"ఆ హార్మోన్ లేకుంటే మెదడులో కణాలు ఎదగవంట అక్కా. ఏ కణం ఏ పని చెయ్యాల్నో దానికి తెలీదంట. పాప ఏడవంది అందుకే."

"డాక్టరమ్మవయిపోతివే!" అని మళ్ళీ అదే వేలు పెట్టింది.

ఆ వేలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దానికి నోరు మూసుకున్న నా మీద ఇంకా మండుతుంది.

మాత్ర నలభై ఒకటో రోజున మొదలైంది. పోయినవి ముప్పై అయిదు రోజులు. పాపకిప్పుడు మూడేళ్ళు. వచ్చిన మాటలు పదకొండు.