రెండు వేళ్ళ ముదురు నీలం

మా చెల్లెలు ఉండే దేశంలో నవంబరు చివర ఒక గురువారం థ్యాంక్స్‌గివింగ్ అని ఒక పండగ చేస్తారు. వాళ్ళకు గురువారం రాత్రి భోజనాల వేళ, మాకు శుక్రవారం పొద్దున ఎనిమిది. చెల్లెలికి వరసగా నాలుగు రోజులు సెలవు దొరికేది అప్పుడే. ఏడాది పొడుగునా ఎవరి గోలలో వాళ్ళం ఉన్నా ఆ శుక్రవారం మాత్రం అందరం ఫోన్ ముందు కూర్చోవాల్సిందే. నేను ఆదోనిలో నా బడికి సెలవు పెట్టి, మొదటి బస్సు పట్టుకుని ఎమ్మిగనూరులో మా పుట్టింటికి చేరేదాన్ని. తమ్ముడు బజారు నుంచి ఉగ్గాని, బజ్జీలు తెచ్చేవాడు. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టేవాళ్ళం.

మొదటి ఏడు అమ్మ, ఇది ఏ దేవుడి పండగని అడిగింది. దేవుడంటూ ఎవరూ లేరు, తినడం, థ్యాంక్స్ చెప్పుకోవడం, అంతే అంది చెల్లెలు. దేవుడు లేకపోతే నైవేద్యం ఎవరికి పెడతారని అమ్మ సందేహం. చెల్లెలు మాకూ ఒక రూలు పెట్టింది. ఒక్కొక్కరు ఎవరికో ఒకరికి థ్యాంక్స్ చెప్పాలి. మాకు ఆ అలవాటు లేదు. సొంతవాళ్ళకు థ్యాంక్స్ చెబితే వాళ్ళను పరాయివాళ్ళను చేసినట్టే. అందుకని అమ్మ వానకు చెప్పేది, నాయన తన మగ్గానికి చెప్పేవాడు, తమ్ముడు కరెంటుకు చెప్పేవాడు. నేనేమో నాకు సెలవిచ్చిన మా హెడ్మాస్టరుకు చెప్పేదాన్ని. నవ్వుకుని ఫోన్ పెట్టేసేవాళ్ళం.

నాయన నేతగాడు. ముందు గదిలో గుంట మగ్గం ఉండేది. చెల్లెలికి చదువే లోకం, తమ్ముడికి మగ్గం చూస్తేనే నడుం నొప్పి. నేత నేర్చుకున్నది నేనొక్కదాన్నే. నాయన ఆఖరిసారి నేస్తున్నది ఎర్ర అంచు, లేత నీలం చీర. దసరా సెలవుల్లో నేను పోయినప్పుడు ఆయనకు భుజం లాగుతోంది. ఆయన అన్నం తింటుంటే నేను మగ్గంలో కూర్చున్నాను. కండెలో నూలు అయిపోతే, పక్క గంపలోంచి ఇంకో కండె తీసి చూసుకోకుండా, పోగును అటూ ఇటూ లాగే నాడెలో పెట్టాను. అది ముదురు నీలం. రెండు వేళ్ళ మందం నేసేదాకా గమనించలేదు.

నాయన చెయ్యి కడుక్కుని వచ్చి చూశాడు. తప్పు నేస్తే విప్పించకుండా వదిలిన మనిషి కాదు. నేను విప్పబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీలే పాపా. ఈడ నీ చెయ్యి పడిందని గుర్తుంటాది."

పదిహేను రోజులకు నాయన పోయాడు. నాలుగు మూరల గుడ్డ, నేయాల్సిన పడుగు పోగులు అట్లాగే మగ్గం మీద ఉండిపోయాయి. చెల్లెలు వీసా కాగితాల చిక్కుల్లో పడి రాలేకపోయింది. తమ్ముడు ఫోన్ పట్టుకుని దానికి నాయన ముఖం చూపించాడు.

ఆ చీర నేను పూర్తి చేస్తానన్నాను. ఏడాది తిరగనీ అంది అమ్మ. అదీ తిరిగి వేసవి వచ్చాక, ఎండలు తగ్గనీ అంది. నేను పదో తరగతి పేపర్లు దిద్దడానికి కర్నూలు పోయి వారం తర్వాత వచ్చి చూస్తే ముందు గదిలో మగ్గం లేదు. గుంట పూడ్చి టైల్స్ పరిచారు. గుడ్డనంతా ఎలుకలు కొట్టేశాయని, మిగిలిన పీలికలు మంత్రాలయం దగ్గర తుంగభద్రలో వదిలేశామని అమ్మ చెప్పింది. తమ్ముడు తల ఊపాడు. నేను ఆ టైల్స్ మీదే కూర్చుని ఏడ్చాను. ఎలుకల వంశాన్నంతా తిట్టాను. అమ్మ లోపలికి పోయి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి తాగించింది. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికన్నా ఆ నీళ్ళకే నాకు కడుపు మండుతుంది.

ఆ ఏడు నవంబరు శుక్రవారం ఎప్పట్లాగే ఫోన్ ముందు కూర్చున్నాం. ఏమేం వండిందో చూపిస్తానని చెల్లెలు ఫోన్‌ను బల్ల మీదికి తిప్పింది. గిన్నెల కింద లేత నీలం గుడ్డ. అటూ ఇటూ ఎర్ర అంచు. చెల్లెలు ఒక గిన్నె పక్కకు జరిపింది. దాని కింద అడ్డంగా, రెండు వేళ్ళ మందాన ముదురు నీలం గీత.

"నాయన ఈ గీత ఎంత బాగా ఏసినాడో సూడక్కా. ఇంటికొచ్చినోళ్ళంతా దీన్నే అడుగుతారు," అంది. "నాకే ఇయ్యమని నువ్వే సెప్పినావంట గదా. ఈసారి నా థ్యాంక్స్ నీకే."

అమ్మ చెయ్యి నా మోకాలి మీద పడింది. తమ్ముడు బజ్జీల పొట్లం మడతపెట్టసాగాడు, అందులో ఇంకా రెండు బజ్జీలు ఉండగానే. నేను సరే అన్నానో, మంచిది అన్నానో గుర్తు లేదు. నా వంతు వచ్చినప్పుడు హెడ్మాస్టరుకే థ్యాంక్స్ చెప్పాను. చెల్లెలు ఒక్కతే నవ్వింది.

ఫోన్ పెట్టగానే తమ్ముడు అంగట్లో పని ఉందని చెప్పులేసుకున్నాడు. ఆ దేశం పోయేవాళ్ళెవరికో పప్పుల పొడితో పాటు గుడ్డ పొట్లం అందించి వచ్చింది వాడేనట. మగ్గం మీద కత్తి పెట్టి కోసింది అమ్మ. అడిగితే ఏదీ దాచలేదు, అన్నీ తనే చెప్పింది.

"దానికి నాయన కడసూపు గూడ దక్కలే. నీకు దక్కింది. అడిగితే ఇచ్చేదానివా నువ్వు?"

ఇచ్చేదాన్నే అన్నాను. అబద్ధం. ఇచ్చేదాన్ని కాదు, ఆ సంగతి అమ్మకు బాగా తెలుసు. నాతో కొట్లాడి, నా చేతుల్లోంచి లాక్కుని పంపి ఉన్నా ఓర్చుకునేదాన్నేమో. చెల్లెలి మీద జాలి నాకూ ఉంది. కానీ నేను ఇవ్వని దాన్ని నేను ఇచ్చినట్టు చెప్పారు. నా ఏడుపు మాత్రం కూర్చుని చూశారు.

"మరి ఎలుకలని ఎందుకు సెప్పినావు మా?"

"నువ్వు నమ్ముతావని," అంది అమ్మ.

నమ్మాను. బడిలో పిల్లలు నోటుపుస్తకం మేక తినిందంటే, మిగిలిన ముక్క తెచ్చి చూపించమంటాను. ఇంట్లో ఎలుక కొరికిన పీలిక ఒక్కటి కూడా చూపించమని అడగలేదు. సొంతవాళ్ళను ఎవరు అడుగుతారు?

అన్నానికి కూడా ఆగకుండా బస్సెక్కాను. ఊరు దాటేసరికి చెల్లెలు ఫోటో పంపింది. గీతను దగ్గరగా తీసింది. దీనికి మన నేతోళ్ళలో ఏమన్నా పేరుందా, నాయన ఎందుకు వేశాడని అడిగింది. నేను నోరు మూసుకుంటే దానికి నాయన చీర, నాయన గీత రెండూ మిగులుతాయి. నాకు ఎలుకలు మిగులుతాయి. ఆదోని సగం దూరం వచ్చేదాకా ఆ ఫోటోనే చూస్తూ కూర్చున్నాను. తర్వాత రాశాను. అది నాయన వేసింది కాదు, నేను తప్పు కండె పెట్టాను, అది నా చెయ్యి. నీకు ఇమ్మని నేను చెప్పలేదు. నాకు ఎలుకలు కొట్టాయని చెప్పారు. మళ్ళీ చదువుకోకుండానే పంపించేశాను.

చెల్లెలు చదివినట్టు కనబడింది. బస్సు ఆదోని స్టాండులోకి తిరుగుతుండగా జవాబు వచ్చింది.

"నాకు తెలీదక్కా. ఆ గీత కాడికి కోసి నీకు పంపనా?"

మంచి మనసుతోనే అడిగింది. ఎన్నడూ మగ్గంలో కూర్చోలేదు, గుడ్డను మధ్యలో కోస్తే రెండు ముక్కలూ పోగులు లేచిపోతాయని దానికి తెలియదు. బస్సు దిగి, జనాన్ని పోనిచ్చి, ఒక పక్కన నిలబడి జవాబు రాశాను.

"వద్దు. మనోళ్ళు ఒకసారి కోసింది చాలు."